కనకవ్వ చెవి

వంద వాక్యాల్లో వినోద తయారుచేసిన పెట్టె అరవై ఎనిమిది పట్టుకుంది. ఏడో తరగతితో చదువాపేసిన కనకవ్వ తొంభై ఒకటి పట్టుకుంది.

పరీక్ష జరిగింది చింతగుట్ట తొమ్మిదో నంబరు బొగ్గు గనిలో, టెలిఫోన్ ఎక్స్ఛేంజి గదిలో. గని లోపలి నుంచి మాట్లాడే ఫోన్లన్నీ ఆ గదికే వస్తాయి. సెల్‌ఫోన్లూ వాకీటాకీలూ భూమిలోకి కాస్త దిగగానే మూగబోతాయి. బండ వాటిని మింగేస్తుంది. అందుకే ఎన్ని కొత్త యంత్రాలు వచ్చినా లోపలి మనిషికీ పైమనిషికీ మధ్య మిగిలింది ఒక్క తీగే. ఆ తీగ కిలోమీటర్ల కొద్దీ మోటార్ల కరెంటు కేబుళ్ల పక్కనే సాగుతుంది. పంపు నడిస్తే తీగ గుర్రుమంటుంది. బొగ్గు మోసే బెల్టు తిరిగితే బరబరలాడుతుంది. పెద్ద మోటారు మొదలయ్యే క్షణంలో అయితే సగం మాటలు ఆ రొదలో కలిసిపోతాయి.

ఆ రొదను తీసేసే యంత్రం కోసం కంపెనీ పరిశోధన విభాగంలో వినోద మూడేళ్లుగా పనిచేస్తోంది. తన పెట్టెకు జల్లెడ అని పేరు పెట్టుకుంది. కేబుళ్లలో కరెంటు ఎగుడుదిగుళ్లను కొలిచి, ఆ మేరకు రొదను జల్లించి మాటను మిగల్చడం దాని పని. గుర్రు, బరబర తీసేయగలిగింది. మోటారు మొదలయ్యే క్షణం దగ్గర మాత్రం చేతులెత్తేసింది.

"ఇంకెందుకు మేడం, కనకవ్వనే తీసుకుపోయి పెట్టెలో కూచోబెట్టండి" అన్నాడు మేనేజరు దినకర్‌రావు. గదిలో అందరూ నవ్వారు. వినోద కూడా నవ్వింది. ఆ నవ్వుకు దవడలు నొప్పి పుట్టాయి.

"నువ్వు ఎట్ల పడ్తవు అత్తా?" అని అడిగింది.

కనకవ్వకు యాభై దాటాయి. భర్త గనిలో పోతే ఈమెకు ఈ ఉద్యోగమిచ్చారు. ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీ. "మాట ఒక్కటే ఏరుకుంటే ఏడ దొరుకుతది బిడ్డా" అంది. "ఎవ్వలు మాట్లాడుతున్నరో ఆ మనిషి తెలువాలె. పోశం లెవెల్ నంబరు చెప్పే ముంగట జరసేపు ఆగుతడు. గట్టయ్యకు భయమైతే మాట తుద మింగుతడు. మోటరు సప్పుడు దాని తొవ్వల అది పోతది. మనిషి మాట దాని తొవ్వల అది అస్తది."

వినోద దాన్ని పుస్తకంలో రాసుకుంది. రాసుకుంటున్నప్పుడు పెన్ను కాగితాన్ని చింపింది.

ఆమె ఇంటికి చేరేసరికి వార్త ముందే చేరిపోయింది. తండ్రి ఓదెలు గడపలోనే నవ్వుతూ కనిపించాడు.

"మా చెల్లె నీ మిషిన్ను ఓడగొట్టిందట గద!"

"ఓడలే నాయినా. ఇంక పని ఉంది దానికి."

"ఉంటది, ఉంటది. కని మా చెల్లె చెవి చెవ్వే."

ఓదెలు గనిలో పంపు నడిపే ఖలాసీగా రిటైరయ్యాడు. కనకవ్వ అతనికి తోబుట్టువు కాదు, ఒకే కులం కూడా కాదు. పద్దెనిమిదేళ్ల కింద గనిలో కప్పు కూలి అతని కాలు బండ కింద ఇరుక్కుంది. చేతికందిన ఫోను తిప్పాడు. పైన రొద తప్ప ఏమీ వినిపించలేదు. ఎవరో ఊరికే తిప్పారులే అన్నాడు అప్పటి షిఫ్టు అధికారి. "ఓదెలన్న మాట్లాడుతున్నడు, ఇరవయ్యొకటో లెవెల్, కాలు ఇరికిందంటున్నడు" అని కనకవ్వ పట్టుబట్టి మనుషుల్ని పంపించింది. గంట ఆలస్యమైతే అతను లేడు. అప్పట్నించీ ఆమె చెల్లె. అప్పట్నించీ దసరానాడు జమ్మి ఆకు చేతబట్టుకుని కుంటుకుంటూ ముందు వెళ్లేది కనకవ్వ ఇంటికే. ఆ తర్వాతే భార్యకైనా, కూతురికైనా.

అప్పుడు వినోదకు పదకొండేళ్లు. నాన్న బతికినందుకు ఆమె కూడా కనకవ్వ కాళ్లకు మొక్కింది. కానీ ఏటా దసరానాడు వాకిట్లో నిలబడి, తన వంతు ఆకు కోసం ఎదురుచూడడం మాత్రం ఆమెకు ముల్లులా గుచ్చుకునేది. పదో తరగతిలో జిల్లా ఫస్టు వచ్చినప్పుడు నాన్న "మంచిగ చదివినవు" అన్నాడు. ఎంటెక్‌లో బంగారు పతకం తెచ్చినప్పుడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కనకవ్వకు చూపెట్టి రాపో" అన్నాడు. వినోద వెళ్లలేదు. వెళ్లానని చెప్పింది.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. ఆ చెవిలో ఉన్నదేదో తన పెట్టెలోకి రావాలి.

*

దానికి మార్గం మూడు వారాల్లో దొరికింది. గుడ్డతో కుట్టిన ఒక టోపీ, లోపలి వైపు ముప్ఫై రెండు చిన్న బొత్తాలు. తల మీద పెట్టుకుంటే, రొదలోంచి మెదడు ఏ ముక్కను పట్టుకుంటోందో ఆ బొత్తాలు కనిపెడతాయి. కనకవ్వ టోపీ పెట్టుకుని హెడ్‌ఫోన్‌లో ముందు రొద నిండిన వాక్యం వింటుంది. ఏం విన్నదో చెబుతుంది. వెంటనే అదే వాక్యం, రొద లేకుండా, శుభ్రంగా వినిపిస్తుంది. ఆమె ఎక్కడ సరిగ్గా పట్టిందో, ఏ ఆధారంతో పట్టిందో జల్లెడ నేర్చుకుంటుంది. రోజుకు మూడు గంటలు. వేల వాక్యాలు.

కనకవ్వ ఒక్కరోజూ కాదనలేదు. డ్యూటీ దిగి నేరుగా ప్రయోగశాలకు వచ్చేది. స్టీలు డబ్బాలో సర్వపిండి తెచ్చేది. "తిను బిడ్డా, సగమైనవు" అనేది. టోపీ పెట్టుకుని అద్దంలో చూసుకుని, "పెండ్లి కూతురు లెక్క ఉన్నగద" అని నవ్వేది. వినోద సర్వపిండి తినేది. రుచిగా ఉండేది. అదీ నచ్చేది కాదు.

జల్లెడ అంకెలు నెలనెలా ఎక్కాయి. డెబ్బై ఆరు. ఎనభై మూడు. తొంభై.

నాలుగో నెలలో వినోద ఊరికే, పోల్చి చూసుకోవడానికి, మొదటి పరీక్షలోని వంద వాక్యాలను కనకవ్వకు మళ్లీ వినిపించింది. తొంభై ఒకటి పట్టిన చెవి ఈసారి ఎనభై మూడే పట్టింది. ఆరో నెలలో అరవై నాలుగు. ఎనిమిదో నెలలో నలభై రెండు.

కారణం కనిపెట్టడానికి వినోదకు రెండు రోజులు పట్టింది. ప్రతి వాక్యం వెనకే శుభ్రమైన మాట వస్తుందని చెవికి తెలిసిపోయింది. రొదలో వెతకడం మానేసి ఎదురుచూడడం నేర్చుకుంది. చేతికర్ర దొరికిన కాలు బరువు మోయడం మానుకున్నట్టు. ప్రయోగం అక్కడితో ఆపాలి, ఆమెకు చెప్పాలి, పై అధికారులకు రాయాలి. ఇవన్నీ వినోదకు తెలుసు. ఆ అంకెలున్న కాగితాలను ఫైల్లో పెట్టకుండా బల్ల సొరుగులో పెట్టి తాళం వేసింది.

జల్లెడ పూర్తయ్యాక ఇక చెవితో పనేముంది అని తనకు తాను చెప్పుకుంది. అది నిజమే కావచ్చు. కానీ నలభై రెండు అన్న అంకె చూసినప్పుడు తన లోపల ఏదో హాయిగా కాళ్లు చాపుకుందన్నది కూడా నిజమే.

"ఈ నడుమ చెవి మందమైతాంది బిడ్డా" అంది కనకవ్వ ఒకరోజు టోపీ తీస్తూ. "మార్కెట్ల ఎవలన్న పిలిస్తె తెలుస్తలేదు. వయసు అచ్చింది గావచ్చు."

వినోద తీగలు చుట్టుకుంటూ తలెత్తలేదు. "అవునత్తా, వయసే" అంది.

*

వర్షాకాలానికి ముందు జల్లెడను ఎక్స్ఛేంజిలో బిగించారు. వందకు తొంభై ఏడు. లోపలి మనిషి పక్క గదిలోంచి మాట్లాడుతున్నట్టు వినిపించేది. మాట వినిపించడంతో పాటు తెర మీద అక్షరాలు కూడా పడేవి. కార్మికులు వచ్చి వింతగా చూసి వెళ్లారు. వినోదకు సన్మానం చేశారు. ఓదెలు తెల్ల చొక్కా వేసుకుని వచ్చి, కనకవ్వ పక్క కుర్చీలో కూర్చుని, అందరికీ వినపడేలా అన్నాడు:

"మా చెల్లె చెవిని పెట్టెల పెట్టింది నా బిడ్డ!"

పూలదండ మెడలో ఉండగానే వినోదకు దాన్ని తెంపి పారేయాలనిపించింది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం, రెండో షిఫ్టు గనిలోకి దిగి గంట గడిచాక, ఆమె ఎక్స్ఛేంజికి వచ్చింది. అంతకు ముందు వారమే పద్నాలుగో లెవెల్లో కొత్త పంపు బిగించారు. పాతదానికి మూడింతలు పెద్దది. దాని రొద ఎలా ఉంటుందో జల్లెడ ఇంకా నేర్చుకోలేదు. ఆ రొదను నమోదు చేసుకుపోదామని వచ్చింది. కనకవ్వ ఆమెకు టీ పోసి ఇస్తుండగా ఫోను మోగింది.

స్పీకరులోంచి సర్దారు పోశం గొంతు స్పష్టంగా వచ్చింది. లోపల ఆ షిఫ్టు మనుషులకు అతనే పెద్ద.

"పోశంను మాట్లాడుతున్న. పద్నాలుగో లెవెల్ల పాత గోడ పలిగి నీళ్లు అస్తున్నయి. మందిని పైకి పంపుతున్న. కరెంటు బంద్ చెయ్యుండ్రి."

తెర మీద కూడా అవే అక్షరాలు పడ్డాయి. కనకవ్వ నుదురు ముడిపడింది.

"పోశం, మళ్లొక్కపారి చెప్పు."

రెండోసారీ అదే మాట. కరెంటు బంద్ చెయ్యుండ్రి.

కనకవ్వ చెయ్యి చాచి పాత లైను మీట తిప్పింది. జల్లెడ పక్కకు తప్పుకుంది. గది నిండా రొద విరుచుకుపడింది. "ఇంకొక్కపారి చెప్పు తమ్మీ" అని ఆమె ఫోన్లోకి అరిచి, రిసీవరును చెవికి నొక్కుకుని, కళ్లు మూసుకుంది. ఇరవై రెండేళ్లుగా ఆమె అలాగే వినేది. కళ్లు తెరిచేసరికి ఆమె ముఖం, సొంత ఇంట్లో తొవ్వ తప్పిన మనిషి ముఖంలా ఉంది.

"బిడ్డా... నాకేం ఇనపడ్తలేదు."

కనకవ్వ అప్పటికే కలిపి ఉంచిన రెండో ఫోన్లో, గనికి కరెంటు ఇచ్చే సబ్‌స్టేషను ఆపరేటరు ఉన్నాడు. "చెప్పండి, ఆపాలా వద్దా?" అంటున్నాడు.

"ఆపొద్దు" అంది కనకవ్వ. "పోశం గట్ల అనడు. నీళ్లు అచ్చినంక పంపు ఎవడన్న ఆపుమంటడా?"

"నీళ్లల్ల కేబుళ్లు మునిగితే షాక్ కొడ్తది అత్తా. అందుకే ఆపుమంటున్నడు" అంది వినోద. "జల్లెడ రెండుమార్లు అదే చెప్పింది."

"మిషిన్ సంగతి నాకు తెల్వది. పోశం సంగతి ఎరుక."

మళ్లీ అదే. పెట్టె ఒకటి చెబితే ఈమె ఇంకోటి చెబుతుంది. చివరికి ఈమెదే నిజమవుతుంది. రేపు ఊరంతా అదే చెప్పుకుంటుంది. నాన్న గడపలో నిలబడి నవ్వుతాడు. వినోద ఒళ్లు మండింది.

"ఇనపడ్తలేదని నువ్వే అంటివి గద" అంది. రెండో ఫోను తనే అందుకుంది. "పద్నాలుగో లెవెల్ కరెంటు ఆపేయండి. నేను చెబుతున్నా."

మీట పడింది. లోపల పంపు ఆగింది. బెల్టు ఆగింది. మోటార్లన్నీ ఆగాయి. వాటితో పాటు తీగలో రొదా ఆగిపోయింది. ఆ క్షణంలో జల్లెడతో పనిలేదు, కనకవ్వ చెవితోనూ పనిలేదు. పాత లైను మీదే పోశం గొంతు కడిగినంత శుభ్రంగా గదిలో పడింది.

"ఎందుకు బంద్ చేసిండ్రు? చెయ్యకుండ్రి అన్న గద! పంపు నడిస్తెనే నీళ్లు ఆగుతయి! గట్టయ్య కాలు పైపు కింద ఇరికింది, నేను తీస్తున్న. చెయ్యకుండ్రి అని మూడుమార్లు జెప్పిన గద!"

చెయ్యకుండ్రి. ఒక్క 'క'. కొత్త పంపు రొదలో ఆ ఒక్క అక్షరం మునిగిపోయింది. జల్లెడ అంతకు ముందు 'బంద్ చెయ్యుండ్రి' అన్న మాటను వందలసార్లు విని ఉంది. లేని చోట ఉన్నది నింపుకుంది. సందేహం లేని గొంతుతో చెప్పింది.

"ఆన్ చెయ్యండి!" వినోద ఫోన్లోకి అరిచింది. "వెంటనే ఆన్ చెయ్యండి!"

"ఎట్లా? అక్కడి గాలి ఫ్యాను కూడా ఆగిపోయింది. గ్యాసు కొలవకుండా కరెంటు ఇస్తే గని పేలుతుంది. మీకు తెలియంది కాదు. ఎంత తొందర చేసినా నలభై నిమిషాలు."

ఆమెకు తెలుసు. నీళ్లకు నలభై నిమిషాలు అక్కర్లేదు.

రక్షణ దళానికి కబురు వెళ్లింది. గని సైరను కూసింది. పదకొండుమంది తలదీపాల వెలుగులో పైకి నడక మొదలుపెట్టారు. పోశం మాత్రం ఫోను దగ్గరే ఉన్నాడు.

"నువ్వు ఎక్కి రా తమ్మీ" అంది కనకవ్వ.

"గట్టయ్యను ఇడిసిపెట్టి ఎట్ల అస్త అక్కా? పైపు కదుల్తాంది. ఇంకొంచెం గుంజితె అస్తది."

కనకవ్వ మాట్లాడుతూనే ఉంది. నీళ్లు ఎంతదాకా వచ్చాయో అడిగింది. గట్టయ్యకు ధైర్యం చెప్పింది. మోకాళ్లన్నాడు. నడుమన్నాడు. దినకర్‌రావు పరుగున వచ్చి రిసీవరు తీసుకోబోయాడు. ఆ అలికిడి విని లోపల్నించి పోశం అడిగాడు:

"అక్కా, నువ్వే ఉండు లైన్ల. వేరేటోళ్లకు ఇయ్యకు."

"నేనే ఉన్న తమ్మీ. ఏడికి పోను."

గోడకు ఆనుకుని నిలబడ్డ వినోదకు ఆ మాట వినగానే గుండెలో పాత ముల్లు కదిలింది. అప్పుడు కూడా. ఆ గదిలో, ఆ నిమిషంలో కూడా. దాన్ని ఆమె స్పష్టంగా గుర్తుపట్టింది, అసూయే అది. తన మీద తనకే అసహ్యం వేసింది.

పద్దెనిమిదో నిమిషంలో పోశం ఇంకేదో మొదలుపెట్టాడు. "మా ఇంటామెకు..." అన్నాడు. తర్వాత తీగలో ఏమీ లేదు. కనకవ్వ రిసీవరును చెవి నుంచి తీయలేదు. రక్షణ దళం వచ్చి పదకొండుమంది క్షేమమని చెప్పేదాకా, ఆ తర్వాత కూడా చాలాసేపు, అలాగే పట్టుకుని కూర్చుంది.

రెండు శవాలను మర్నాడు తీశారు.

*

ముగ్గురు అధికారులతో విచారణ కమిటీ వేశారు. కనకవ్వ చెవులను డాక్టరు పరీక్షించాడు. నిశ్శబ్దంలో బాగానే వినిపిస్తోంది, చుట్టూ చప్పుడుంటే మాత్రం మాట పట్టలేకపోతోంది అని రాశాడు. చెవి పాడైన సంగతి ఆపరేటరు దాచిపెట్టిందని, అందుకే లోపలి మాటను సరిచూడలేకపోయిందని కమిటీ అనుకోవడం మొదలుపెట్టింది. ఆమెను ఎక్స్ఛేంజి నుంచి తీసేసి, కార్మికులకు తలదీపాలు ఇచ్చే ల్యాంప్ రూమ్‌కు వేశారు. వాళ్లు పెట్టమన్న చోట కనకవ్వ సంతకం పెట్టింది. రెండో ఫోను అందుకున్నది ఎవరో ఆమె చెప్పలేదు. ఆ రోజు ఫోన్లో 'నేను చెబుతున్నా' అన్నది కనకవ్వే అనుకున్నారు.

వినోద మూడు రోజులు నోరు విప్పలేదు. నాలుగో రోజు ఓదెలు అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

"చెవి పోయిందంటున్నరు. పద్దెనిమిదేండ్ల కింద బండ కింది నా మాట ఇన్న చెవి అది. గంత జల్ది ఎట్ల పోతది?"

వినోద చెప్పింది. టోపీ, అంకెలు, సొరుగులో కాగితాలు, వయసే అన్న అబద్ధం, రెండో ఫోను. ఏదీ వదలలేదు. దసరా ఆకు సంగతి కూడా చెప్పింది.

ఓదెలు గోడకు చేరగిలబడి తన కుంటికాలును చేత్తో రాసుకున్నాడు. "గింత చిన్న దానికా బిడ్డా" అన్నాడు. ఆ తర్వాత తనే తల అడ్డంగా ఊపాడు. "చిన్నదని నేననుకున్న. నీకు చిన్నగ లేకుండె." ఇంకాసేపటికి, "కమిటీకి చెప్తవా?" అన్నాడు.

"రేపు కాగితాలన్ని ఇస్త."

"కమిటీకి కాయితాలియ్యి. ఆమెకు నోటితోని చెప్పు."

కాగితాలు ఇచ్చింది. వినోదను పనిలోంచి సస్పెండ్ చేశారు. జల్లెడను విప్పి మూటగట్టి పట్టుకుపోయారు. ఆ మధ్యాహ్నమే, రెండో షిఫ్టు వేళకు, ఆమె ల్యాంప్ రూమ్‌కు వెళ్లింది.

తలదీపాలు చార్జయ్యే బల్లలు వరసగా ఉన్నాయి. వాటి వేడి పోవడానికి గోడకు మనిషెత్తు ఫ్యాను. దాని హోరుకు నేల అదురుతోంది. కిటికీ ముందు షిఫ్టుకు దిగే యాభైమంది వరసలో నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు పోశం తమ్ముడు రాజలింగు. వినోద వరస పక్కనుంచి కిటికీ దగ్గరికి వెళ్లింది.

"అత్తా, నీకొక సంగతి చెప్పాలె" అంది.

కనకవ్వ దీపం తుడుస్తూ తల ముందుకు వంచింది. "ఆఁ?"

"నీ చెవి గురించి."

"గట్టిగ చెప్పు బిడ్డా. ఈ ఫ్యాన్ సప్పుడుల ఇనపడ్తలేదు."

వినోద వెనక్కి చూసింది. సాయంత్రం ఇంటికి వస్తానని చెప్పి వెళ్లిపోవచ్చు. అక్కడ నిశ్శబ్దంగా ఉంటుంది. మెల్లగా చెప్పుకోవచ్చు. ఆమె రెండు చేతులతో కిటికీ ఊచలు పట్టుకుంది. కొంచెం గొంతు పెంచి చెప్పింది. కనకవ్వ తల అడ్డంగా ఊపింది.

"ఇంకింత గట్టిగ."

అప్పుడు వినోద అరిచింది.

"నీ చెవి పోతున్నదని నాకెరుక! నాలుగో నెలనుంచే ఎరుక! నా టోపీతోనే పోయింది! వయసని అబద్ధం చెప్పిన! మా నాయిన నిన్నే మెచ్చుకుంటడని ఓర్వలేకపోయిన! కరెంటు బంద్ చెయ్యమన్నది నేనే! నువ్వు వద్దంటే కూడ నేనే చెప్పిన!"

వరసలో మాటలు ఆగిపోయాయి. ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది. రాజలింగు ఆమె వైపు తిరిగాడు.

కనకవ్వ చేతిలో దీపం అలాగే ఉంది. ఆమె వినోద ముఖంలోకి చాలాసేపు చూసింది. ఎప్పుడూ గొంతులు విని మనుషుల్ని గుర్తుపట్టే మనిషి, ఈసారి కళ్లతో చూసి గుర్తుపట్టడానికి ప్రయత్నిస్తున్నట్టు చూసింది.

"ఇనపడ్డది" అంది.

దీపాన్ని రాజలింగు చేతిలో పెట్టింది. అతని చేతిని ఒక క్షణం రెండు చేతులతో పట్టుకుని వదిలింది. తర్వాత ఇంకో దీపం అందుకుని తుడవడం మొదలుపెడుతూ, వినోద వైపు చూడకుండా అంది:

"పక్కకు జరుగుండ్రి మేడం. షిఫ్టు టైం అయితాంది."